పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయిపోతున్నాయి, రెండుసార్లు ఫార్మాట్ కొట్టించినా వైరస్ పోవట్లేదు

చెరువుగట్టు (వడ్డేపల్లి, హన్మకొండ)
శుక్రవారం రాత్రి 9:42

అందరికీ నమస్తే. మా ఇంట్లో ఒక కంపెనీ డెస్క్‌టాప్ ఉంది, 2018లో కొన్నది. ఐ3 ఏడో జనరేషన్, 4 జీబీ ర్యామ్, విండోస్ 10. ఎక్కువగా వాడేది మా బాపు. టీచర్‌గా రిటైరయ్యారు. పెన్షన్ కాగితాల స్కాన్లు, బడి ఫొటోలు, భజన పాటలు అన్నీ అందులోనే పెట్టుకుంటారు. నేను పీజీ నోట్స్ కోసం వాడతాను.

నెలన్నర కింద బయట ప్రింట్లు తీయించుకుని వచ్చి పెన్‌డ్రైవ్ పెడితే ఫోల్డర్లన్నింటి మీదా చిన్న బాణం గుర్తు కనిపించింది. నొక్కితే మామూలుగానే తెరుచుకున్నాయి, ఫైళ్లు కూడా ఉన్నాయి. అందుకే పట్టించుకోలేదు. తర్వాత ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లో పెడితే యాంటీవైరస్ గోల గోల చేసింది. పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేసి, ఒక ఫోల్డర్ కాపీ చేసి చూస్తే ఇలా రెప్ప వేసేలోగా మళ్లీ షార్ట్‌కట్.

చౌరస్తా దగ్గర ఒక సర్వీస్ షాపులో ఇచ్చాం. 600 తీసుకుని ఫార్మాట్ చేసి ఇచ్చాడు. మూడు రోజులు బాగుంది, నాలుగో రోజు మళ్లీ అదే కథ. ఇంకోసారి 600. మళ్లీ మూడు రోజులే. విండోస్ సెక్యూరిటీ తెరిస్తే రియల్ టైమ్ ప్రొటెక్షన్ ఆఫ్‌లో ఉంది, ఆన్ చేయనివ్వట్లేదు. ఈ సెట్టింగ్ మీ అడ్మినిస్ట్రేటర్ చేతిలో ఉంది అంటోంది. మా ఇంట్లో అడ్మినిస్ట్రేటర్ అంటే అమ్మ. ఆమె కంప్యూటర్ తుడవడం తప్ప ముట్టదు.

ఇంకో 600 పెట్టే ముందు ఒకసారి అడుగుదామని ఇక్కడ రాస్తున్నా.


కాజీపేట_లోకో
శుక్రవారం రాత్రి 9:58

సి ఒక్కటే ఫార్మాట్ చేసి ఉంటాడు. వైరస్ డి డ్రైవ్‌లో కూర్చుని ఉంటది. మొత్తం లేపేసి కొత్తగా వేయించు చెల్లె, పీడ పోతది.


చెరువుగట్టు
శుక్రవారం రాత్రి 10:03

డి లోనే బాపు ఫొటోలున్నాయి అన్నా. పరకాల, ములుగు వైపు ఆయన పని చేసిన బడులన్నీ. అది లేపేస్తే ముందు నన్ను ఇంట్లోంచి లేపేస్తారు.


ఉబుంటు_ఉప్మా
శుక్రవారం రాత్రి 10:15

లైనక్స్ వేసుకోండి. ఈ షార్ట్‌కట్ గోల ఉండదు.


డీటీపీ_అక్క (కరీంనగర్)
శుక్రవారం రాత్రి 10:21

వచ్చాడండీ మావాడు. అడిగింది తలనొప్పికి మందు, ఈయన చెప్పేది తల మార్చుకోమని. రిటైరైన టీచర్‌కి ఇప్పుడు కొత్త సిస్టమ్ ఎవరు నేర్పుతారు?

చెరువుగట్టూ, ముందు ఆ షార్ట్‌కట్లు నొక్కడం ఆపు. ఇక్కడ పాత మదర్‌బోర్డు గారని ఒకరున్నారు, ఆయన వచ్చేదాకా ఏమీ కదపకు.


పాత_మదర్‌బోర్డు (హన్మకొండ)
శుక్రవారం రాత్రి 11:07

ఇప్పుడే చూశాను. పదిహేనేళ్లు సర్వీసింగ్ చేశానమ్మా. ఈ రకం కేసులు ఎన్ని చూశానో లెక్క లేదు. ఫార్మాట్ మాట కాసేపు పక్కన పెడదాం. నాకు రెండు సంగతులు కావాలి.

ఒకటి. ఆ షార్ట్‌కట్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. డబుల్ క్లిక్ మాత్రం వద్దు. టార్గెట్ అని ఒక గడి ఉంటుంది. అందులో ఏముందో చివరిదాకా జరిపి చూసి, ఉన్నదున్నట్టు చెప్పండి.

రెండు. షాపువాడు ఫార్మాట్ చేశాక మీ కంప్యూటర్లో ఉన్నది విండోస్ హోమా, ప్రోనా? సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్‌లో కనిపిస్తుంది. కొన్నప్పుడు ఏది వచ్చిందో క్యాబినెట్ మీద స్టిక్కర్ ఉంటే అదీ చూడండి.

ఈలోపు నెట్ తీగ పీకేసి ఉంచండి. ఫోన్‌లో రాసుకోవచ్చు ఇక్కడికి.


చెరువుగట్టు
శనివారం ఉదయం 7:30

సార్, టార్గెట్‌లో ఉన్నది పలికినట్టే రాస్తున్నా. ముందు సీఎండీ డాట్ ఈఎక్స్‌ఈ, తర్వాత స్లాష్ సి, తర్వాత స్టార్ట్ అని ఏదో అర్థం లేని పేరుతో డాట్ వీబీఎస్ ఫైలు, దాని వెనక స్టార్ట్ ఎక్స్‌ప్లోరర్ అని మా ఫోల్డర్ పేరు, చివర ఎగ్జిట్.

ఇప్పుడు ఉన్నది విండోస్ 10 ప్రో. స్టిక్కర్ మీద హోమ్ సింగిల్ లాంగ్వేజ్ అని ఉంది. ఇది మంచిదేగా, ప్రో అంటే పెద్దదేగా?


పాత_మదర్‌బోర్డు
శనివారం ఉదయం 8:12

ప్రో సంగతి తర్వాత చెప్తాను, అందులోనే ఉంది అసలు కిరికిరి.

మీరు రాసిన లైన్ చదవండి. ఒక్క నొక్కుకి రెండు పనులు పెట్టాడు. మొదటి పని ఆ వీబీఎస్ స్క్రిప్టుని, అంటే కమాండ్లు రాసి పెట్టిన చిన్న ఫైలుని, నడపడం. రెండో పని మీ అసలు ఫోల్డర్‌ని తెరిచి చూపించడం. రెండోది లేకపోతే మీకు మొదటి రోజే అనుమానం వచ్చేది. ఫోల్డర్ తెరుచుకుంది కదా అని మీరు పని చేసుకుంటూ పోయారు, వాడు లోపలికి పోయాడు.

మీ ఫైళ్లు ఎక్కడికీ పోలేదు. వాటికి హిడెన్, సిస్టమ్ అనే రెండు గుర్తులు తగిలించి కనబడకుండా చేసి, అదే పేరుతో షార్ట్‌కట్లు పెట్టాడు. లోపలికి వచ్చిన స్క్రిప్టు డబ్ల్యూస్క్రిప్ట్ డాట్ ఈఎక్స్‌ఈ అనే విండోస్ సొంత ప్రోగ్రామ్ మీద ఎక్కి నడుస్తుంది. కొత్త పెన్‌డ్రైవ్ ఎప్పుడు తగుల్తుందా అని కాచుకుని ఉంటుంది. మీకు రెప్పపాటులో షార్ట్‌కట్లయింది అందుకే.

ఇక చేయాల్సింది. వరస ముఖ్యం, ఇష్టమొచ్చిన క్రమంలో చేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

పెన్‌డ్రైవ్‌లన్నీ తీసేయండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. డీటెయిల్స్ ట్యాబ్‌లో డబ్ల్యూస్క్రిప్ట్ ఎన్ని ఉంటే అన్నింటికీ ఎండ్ టాస్క్ కొట్టండి. అది చచ్చాకే మిగతావి. విండోస్ గుర్తు బటన్, ఆర్ కలిపి నొక్కి షెల్ కోలన్ స్టార్టప్ అని కొట్టండి. తెరుచుకున్న ఫోల్డర్లో వీబీఎస్ ఫైలు గానీ, మీరు పెట్టని షార్ట్‌కట్ గానీ ఉంటే తీసేయండి. ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ ఆప్షన్స్‌కి పోయి, దాచిన ఫైళ్లు చూపించమని పెట్టి, ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్ దాచమనే టిక్ తీసేస్తేనే ఇవి కంటికి కనిపిస్తాయి. తర్వాత రెజెడిట్, అంటే విండోస్ సెట్టింగులన్నీ రాసి ఉండే రిజిస్ట్రీని తెరిచే ప్రోగ్రామ్. అందులో కరెంట్ యూజర్, సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్ వెర్షన్, రన్. అక్కడ అదే వీబీఎస్ పేరున్న వరుస ఉంటే దాన్ని మాత్రమే డిలీట్ చేయండి. పక్కవి ముట్టొద్దు. అది ఏ ఫోల్డర్ని చూపిస్తోందో రాసుకుని, అక్కడికి పోయి అసలు ఫైలు కూడా తీసేయండి. టెంప్‌లోనో, యాప్‌డేటా రోమింగ్‌లోనో ఉంటుంది.


నర్సంపేట_మిర్చి
శనివారం ఉదయం 9:05

ఇదంతా ఎందుకు, రెండు యాంటీవైరస్‌లు వేసేయండి. ఒకటి వదిలేసింది ఇంకోటి పడుతుంది.


డీటీపీ_అక్క
శనివారం ఉదయం 9:11

4 జీబీ ర్యామ్‌లో రెండు యాంటీవైరస్‌లా! ఒకదాన్ని ఒకటి దొంగ అనుకుని కొట్టుకుంటుంటే కంప్యూటర్ ఎనుమాముల మార్కెట్లో సీజన్ అప్పటి ట్రాక్టర్ల లైనులా ఆగిపోద్ది. ఎప్పుడూ కాపలా ఉండేది ఒకటే ఉండాలి. అనుమానం వచ్చినప్పుడు మాత్రం ఇంకోదానితో ఒకసారి స్కాన్ చేసి తీసేయొచ్చు.


నయీంనగర్_జిరాక్స్
శనివారం ఉదయం 10:40

బయట ప్రింట్లు తీయించుకుని వచ్చాకే అని రాశావు చెల్లె. మా లైన్లో అందరి మీదా ఈ మాట వస్తది కాబట్టి చెప్తున్నా, కోపం కాదు. పరీక్ష ఫీజు ఆఖరి తేదీ రోజు నా కౌంటర్ ముందు నలభై మంది నిలబడ్తరు. ఒక్కొక్కరి చేతిలో ఒక పెన్‌డ్రైవ్. స్కాన్ చేసి పెడ్తా అంటే వెనకున్నోడు అన్నా జల్ది, అన్నా జల్ది అని నా ప్రాణం తీస్తడు. మొదటి పెన్‌డ్రైవ్ ఎవనిదో వాడు నా సిస్టమ్‌కి అంటిస్తడు, నా సిస్టమ్ మిగతా ముప్పై తొమ్మిది మందికి అంటిస్తది. ఎవనికీ తెల్వదు.

రెండేండ్ల నుంచి పెన్‌డ్రైవ్ తీసుకోవడం బంద్ పెట్టిన. పీడీఎఫ్ మెయిల్ చెయ్, లేకుంటే వాట్సాప్ చెయ్. గిరాకీ కొంచెం తగ్గింది, వైరస్ అసలే తగ్గింది.


పాత_మదర్‌బోర్డు
శనివారం ఉదయం 11:02

జిరాక్స్ అన్న చెప్పింది నిజం. తీసుకెళ్లాల్సిందే అయితే పెన్‌డ్రైవ్ బదులు మెమరీ కార్డుని ఎస్‌డీ అడాప్టర్‌లో పెట్టి తీసుకెళ్లండి. అడాప్టర్ పక్కన చిన్న లాక్ పుల్ల ఉంటుంది. అది కిందికి జరిపితే చాలావరకు కార్డు రీడర్లు దాని మీద రాయనివ్వవు.


చెరువుగట్టు
శనివారం సాయంత్రం 6:25

సార్, చెప్పినవన్నీ చేశా. స్టార్టప్‌లో ఒకటి, రన్‌లో ఒకటి దొరికాయి. డిలీట్ చేశా. ప్రాణం లేచొచ్చి అమ్మకి కూడా చూపించా. టీ తాగొచ్చి చూస్తే రెండూ మళ్లీ ఉన్నాయి! పేరుతో సహా. దయ్యం పట్టినట్టుంది.


పాత_మదర్‌బోర్డు
శనివారం సాయంత్రం 6:48

దయ్యమేం లేదు. టాస్క్ మేనేజర్‌లో డబ్ల్యూస్క్రిప్ట్ ఎన్ని చంపారు?


చెరువుగట్టు
శనివారం సాయంత్రం 6:50

ఒకటి.


పాత_మదర్‌బోర్డు
శనివారం సాయంత్రం 6:53

కింద ఇంకొకటి ఉండి ఉంటుంది. పేరు గడి మీద నొక్కితే అక్షరాల వరుసలో వస్తాయి, అప్పుడు చూడండి. బతికున్నది తన వరుస రిజిస్ట్రీలో ఉందా లేదా అని మాటిమాటికీ చూసుకుంటుంది. లేకపోతే మళ్లీ రాసుకుంటుంది. అందుకే ముందు చంపడం, తర్వాత తీయడం. చేతికి దొరక్కుండా పోతే సేఫ్ మోడ్‌లోకి వెళ్లండి. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ కొడితే నీలం తెర వస్తుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్, తర్వాత 4 అంకె. సేఫ్ మోడ్‌లో ఈ స్టార్టప్ సరుకు మామూలుగా లేవదు.

టాస్క్ షెడ్యూలర్ కూడా ఒకసారి తెరిచి చూడండి. లైబ్రరీలో ఏదైనా పని వీబీఎస్‌ని పిలుస్తుంటే అదీ తీసేయండి.

ఇక ప్రో సంగతి. విండోస్ సెక్యూరిటీలో ఎక్స్‌క్లూజన్స్ అని ఒక పేజీ ఉంటుంది. అంటే వీటిని స్కాన్ చేయకు అని విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్‌కి చెప్పే జాబితా. అందులో ఏముందో చూసి చెప్పండి.


చెరువుగట్టు
శనివారం రాత్రి 8:10

రెండోది నిజంగానే ఉంది సార్! సేఫ్ మోడ్‌కి పోయి తీశా. గంట అయింది, రీస్టార్ట్ కూడా చేశా, తిరిగి రాలేదు.

ఎక్స్‌క్లూజన్స్‌లో ఒకే ఒక్క వరుస ఉంది. సి కోలన్ స్లాష్. అంతే. అంటే సి డ్రైవ్ మొత్తమా?


డీటీపీ_అక్క
శనివారం రాత్రి 8:14

అమ్మో. కాపలావాడికి జీతమిచ్చి, గేటు దగ్గర మాత్రం నిలబడకు అని చెప్పినట్టు.


పాత_మదర్‌బోర్డు
శనివారం రాత్రి 8:36

ఊహించిందే. ఇది వైరస్ చేసిన పని కాకపోవచ్చు, మీ షాపువాడి పని అయ్యుంటుంది.

మీ మిషన్‌తో వచ్చింది హోమ్ సింగిల్ లాంగ్వేజ్. ఆ లైసెన్స్ తాళం, అంటే ప్రొడక్ట్ కీ, మదర్‌బోర్డులోనే రాసి ఉంటుంది. విండోస్ 8 కాలం నుంచి కంపెనీ మిషన్లకి అలాగే వస్తోంది. అదే ఎడిషన్ వేస్తే తాళం అడగదు, నెట్ తగలగానే తనే యాక్టివేట్ అవుతుంది. మీవాడు అందరికీ వేసే ప్రో కాపీనే మీకూ వేశాడు. దానికి మీ తాళం పట్టదు కాబట్టి యాక్టివేటర్ క్రాక్, అంటే లైసెన్స్ ఉన్నట్టు విండోస్‌ని మోసం చేసే దొంగ ప్రోగ్రామ్, కొట్టాడు. క్రాక్‌ని డిఫెండర్ పట్టుకుంటుంది కాబట్టి ముందు డిఫెండర్‌ని పడుకోబెట్టాడు, సి డ్రైవ్ మొత్తం చూడొద్దని రాశాడు. పని అయ్యాక లేపడం మర్చిపోయాడు, లేదా లేపితే క్రాక్ పోతుందని వదిలేశాడు. డబ్బులిచ్చి కొనుక్కున్న అసలు విండోస్ మీ దగ్గరుండగానే, ఇంకో 600 ఇచ్చి దొంగది వేయించుకున్నారు.

అందుకే మీకు ఫార్మాట్ చేసిన ప్రతిసారీ కాపలా లేని ఇల్లు దొరికింది. వైరస్ ఎక్కడినుంచి వచ్చినా అడ్డు లేదు.


కాజీపేట_లోకో
శనివారం రాత్రి 8:50

షాపోళ్లందరూ గిట్లనే చేస్తరా సార్? నాది కూడా ప్రోనే, చౌరస్తాలోనే వేయించిన. ఇప్పుడు టెన్షన్ పట్టింది.


పాత_మదర్‌బోర్డు
శనివారం రాత్రి 9:01

అందరూ కాదు. కానీ నా మొదట్లో నేనూ చేశాను, దాచడమెందుకు. కస్టమర్ సాయంత్రానికల్లా కావాలంటాడు, ఒక పెన్‌డ్రైవ్‌లో ఒకే సరుకు పెట్టుకుని అందరికీ అదే కొట్టేవాళ్లం. నీ ఎక్స్‌క్లూజన్స్ పేజీ చూసుకో తమ్మీ.

చెరువుగట్టు గారూ, ఆ వరుస తీసేయండి. తర్వాత రెజెడిట్‌లో లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, పాలసీస్, మైక్రోసాఫ్ట్, విండోస్ డిఫెండర్, దాని లోపల రియల్ టైమ్ ప్రొటెక్షన్. అక్కడ డిజేబుల్ రియల్‌టైమ్ మానిటరింగ్ అని 1 విలువతో ఉంటే తొలగించి రీస్టార్ట్ చేయండి. ఇంటి కంప్యూటర్లో ఆ పాలసీకి పని లేదు. డిఫెండర్ సెట్టింగులని వేరే ప్రోగ్రాములు మార్చకుండా ఆపే టాంపర్ ప్రొటెక్షన్ కూడా ఆన్ చేయండి. అప్పుడు నెట్ పెట్టి, డిఫెండర్ అప్‌డేట్ చేసి, స్కాన్ ఆప్షన్స్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ కొట్టండి. మిషన్ రీస్టార్టయి విండోస్ లేవకముందే స్కాన్ చేస్తుంది. పావుగంట పడుతుంది. లేచి తిరిగే వైరస్‌ని పట్టడం కంటే పడుకున్నదాన్ని పట్టడం తేలిక.


జగిత్యాల_బుల్లెట్
శనివారం రాత్రి 9:20

మధ్యలో దూరుతున్నా, మాఫ్ చేయండి. నా ఫొటోలన్నింటికీ చివర ఏదో కొత్త నాలుగక్షరాల పేరు చేరింది, తెరుచుకోవట్లేదు, డాలర్లు అడుగుతూ ఒక నోట్ ఉంది. గేమ్ క్రాక్ వేశాకే. దాచిన ఫైళ్లని బయటికి తెచ్చే అట్రిబ్ కమాండ్ కొడితే వస్తాయా?


పాత_మదర్‌బోర్డు
శనివారం రాత్రి 9:27

రావు. ఇక్కడ ఫైళ్లు దాచాడు, మీ దగ్గర తాళం వేశాడు. అది ర్యాన్సమ్‌వేర్. డబ్బు కట్టకండి, కట్టినా తాళంచెవి ఇస్తాడని నమ్మకం లేదు. నో మోర్ ర్యాన్సమ్ అనే సైట్ ఉంది, 2016లో యూరోపోల్, నెదర్లాండ్స్ పోలీసులు, రెండు సెక్యూరిటీ కంపెనీలు కలిసి పెట్టారు. తాళం పడిన ఒక ఫైలు, ఆ నోట్ అక్కడ ఇస్తే ఏ రకమో చెప్తుంది. కొన్నింటికి ఉచితంగా విప్పే టూల్ ఉంది, కొన్నింటికి లేదు. లేకపోతే ఫైళ్లు పారేయకుండా ఒక హార్డ్ డిస్క్‌లో దాచి పెట్టండి, తర్వాత టూల్ రావచ్చు. మిగతాది వేరే చర్చలో అడగండి, ఇక్కడ కలిస్తే ఇద్దరికీ గందరగోళం.


చెరువుగట్టు
ఆదివారం ఉదయం 8:45

ఆఫ్‌లైన్ స్కాన్ అయింది. ప్రొటెక్షన్ హిస్టరీలో వార్మ్, వీబీఎస్, జెంక్సస్ అని వచ్చింది. క్వారంటైన్ చేసింది. డిఫెండర్ ఆన్‌లోనే ఉంది. ఇది ఏం వైరస్ సార్, ఒక్క షార్ట్‌కట్లేనా దీని పని?


పాత_మదర్‌బోర్డు
ఆదివారం ఉదయం 9:30

షార్ట్‌కట్లు దానికి బస్సు టికెట్ లాంటివి, ఊర్లు తిరగడానికి. అసలు పని వెనక తలుపు తెరవడం. దూరంగా ఉన్నవాడు చెప్పిన కమాండ్లు నడుపుతుంది, ఇంకో సరుకు దింపుతుంది. పాతదే ఇది. 2014 జూన్‌లో మైక్రోసాఫ్ట్ కోర్టుకెళ్లి జెంక్సస్, బ్లాడబిండి అనే రెండింటి మీద పడింది. అవి వాడుకుంటున్న నో ఐపీ అనే సర్వీసు డొమైన్లు, అంటే నెట్ చిరునామాలు, కోర్టు ఆర్డరు మీద తన చేతిలోకి తీసుకుంది. ఏ తప్పూ చేయని లక్షల మంది సైట్లు కూడా దాంతో కొన్ని రోజులు ఆగాయి. అంత జరిగాక కూడా పెన్‌డ్రైవ్‌ల మీద ఇంకా బతికే ఉంది చూడండి.

కాబట్టి ఒక ముఖ్యమైన పని. నాన్నగారి పెన్షన్ అకౌంట్ నెట్ బ్యాంకింగ్ ఈ కంప్యూటర్లో ఎప్పుడైనా తెరిచారా? తెరిచి ఉంటే ఫోన్ నుంచి పాస్‌వర్డ్ మార్చండి, మెయిల్ పాస్‌వర్డ్ కూడా. ఈ కంప్యూటర్ నుంచి మార్చొద్దు. ఖాతాలో తెలియని లావాదేవీ కనిపిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

నా మాట వింటే, నెలన్నర వెనక తలుపు తెరిచి ఉన్న మిషన్‌ని, పైగా క్రాక్ ఎక్కినదాన్ని అలాగే నమ్మొద్దు. ఈసారి ఫార్మాట్ చేద్దాం, కానీ సరిగ్గా. ఇంకొకరి శుభ్రమైన ల్యాప్‌టాప్‌లో మైక్రోసాఫ్ట్ వాళ్ల మీడియా క్రియేషన్ టూల్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్ తయారు చేసుకోండి. దాంతో బూట్ చేస్తే మీ బోర్డులోని తాళం చూసి హోమ్ సింగిల్ లాంగ్వేజ్ తనే ఎంచుకుంటుంది. కస్టమ్‌లో సి ఒక్కటే ఫార్మాట్ కొట్టండి, డి వైపు చేయి పోనీయొద్దు. ముందు జాగ్రత్తకి ఫొటోలు వేరే హార్డ్ డిస్క్‌కి కాపీ చేయండి. ఫొటోలు, పీడీఎఫ్‌లు, పాటలు మాత్రమే. ఈఎక్స్‌ఈ, వీబీఎస్, షార్ట్‌కట్ ఏదీ వెంట రాకూడదు.

ఎక్కించే ముందు ఇంకో ప్రశ్న. మూడు రోజులు బాగుండి నాలుగో రోజే ఎందుకొచ్చింది రెండుసార్లూ? ఇంట్లో పెన్‌డ్రైవ్‌లు ఎన్ని ఉన్నాయి?


చెరువుగట్టు
ఆదివారం ఉదయం 9:41

ఒకటే సార్, నాదే. అది ఫార్మాట్ చేశాగా.


డీటీపీ_అక్క
ఆదివారం ఉదయం 9:44

ఒకటే ఉన్న ఇల్లు నేనింతవరకు చూడలేదు. గుండీల డబ్బా వెతుకు.


చెరువుగట్టు
ఆదివారం మధ్యాహ్నం 1:20

అక్కా, నీకు దండం.

గుండీల డబ్బాలో ఒకటి దొరికింది, క్యాప్ లేనిది. టీవీ వెనక ఒకటి, పెళ్లి వీడియో ఉన్నది. దేవుడి గదిలో చిన్న స్పీకర్ ఉంది, బాపు పొద్దున్నే భజనలు పెట్టుకునేది. దానికి ఒకటి ఎప్పుడూ తగిలించే ఉంటుంది. ఎర్ర దారం కట్టి ఉంటుంది, పోకుండా. అది మేమెవరం పెన్‌డ్రైవ్ అనే అనుకోలేదు, స్పీకర్లో భాగం అనుకున్నాం.

బాపుని అడిగా. రెండుసార్లూ సోమవారం మిషన్ ఇంటికొచ్చింది. గురువారం రాత్రి కొత్త పాటలు ఎక్కించుకున్నారట, శుక్రవారం పూజకి. సోమ, మంగళ, బుధ బాగుంది, గురువారం పోయింది. మూడు రోజుల లెక్క అదీ. మొన్న ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లో నాది పెట్టినప్పుడు మేము నా పెన్‌డ్రైవ్‌ని తిడుతూ కూర్చున్నాం.

ఆ ఎర్రదారం పెన్‌డ్రైవ్‌ని ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లో స్కాన్ చేశాం. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లే, పక్కనే ఆ వీబీఎస్. మరి స్పీకర్లో పాటలు ఇన్నాళ్లూ ఎలా వచ్చాయి?


పాత_మదర్‌బోర్డు
ఆదివారం మధ్యాహ్నం 1:52

ఆ స్పీకర్‌కి విండోస్ తెలియదు. దానికి ఎంపీ3 కనిపిస్తే చాలు, దాచిన ఫోల్డరా కాదా అని చూడదు. షార్ట్‌కట్, వీబీఎస్ దానికి మట్టితో సమానం. నాన్నగారికి రోజూ భజన వినిపిస్తూనే ఉంది కాబట్టి పెన్‌డ్రైవ్ బాగుందనే అనుకున్నారు.

ఆయన పాటలు వెనక్కి తెచ్చుకోవడానికి, శుభ్రమైన మిషన్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. పెన్‌డ్రైవ్ అక్షరం ఈ అనుకుందాం. అట్రిబ్ అని కొట్టి, మైనస్ హెచ్, మైనస్ ఆర్, మైనస్ ఎస్, తర్వాత ఈ కోలన్ బ్యాక్‌స్లాష్ స్టార్ డాట్ స్టార్, చివర స్లాష్ ఎస్, స్లాష్ డి. ఒక్కోదానికి మధ్య ఖాళీ వదలండి. ఎంటర్ కొడితే దాచిన ఫోల్డర్లు బయటికొస్తాయి. షార్ట్‌కట్లు, వీబీఎస్ తీసేసి, పాటలు కాపీ చేసుకుని, పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేయండి. అక్షరం రెండుసార్లు చూసుకుని కొట్టండి. సి మీద ఈ కమాండ్ కొట్టి నా దగ్గరికి మిషన్లు మోసుకొచ్చినవాళ్లున్నారు.


గోదావరిఖని_సెకండ్‌షిఫ్ట్
ఆదివారం రాత్రి 11:30

డ్యూటీ దిగి మొత్తం చదివిన. నాదొక ముక్క. కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ సీడాక్ వాళ్లది యూఎస్‌బీ ప్రతిరోధ్ అని ఒక ఫ్రీ టూల్ ఉంది. సైబర్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్ ఇన్ వాళ్ల సైబర్ స్వచ్ఛతా కేంద్ర సైట్‌లో దొరుకుతది. ఏ పెన్‌డ్రైవ్ పెట్టినా ముందు పాస్‌వర్డ్ అడుగుతది. పిల్లలున్న ఇంట్లో పనికొస్తది.


పాత_మదర్‌బోర్డు
సోమవారం ఉదయం 7:15

మంచిది చెప్పారు. ఇంకొకటి కూడా చేయొచ్చు. ఇంట్లో వాడే కంప్యూటర్‌కి వీబీఎస్ స్క్రిప్టులతో దాదాపు పని ఉండదు. మైక్రోసాఫ్టే 2023లో వీబీస్క్రిప్ట్‌ని మెల్లగా తీసేస్తామని చెప్పింది. లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్ స్క్రిప్ట్ హోస్ట్, సెట్టింగ్స్‌లో ఎనేబుల్డ్ అనే డీవర్డ్ విలువ 0 పెడితే ఈ జాతి మొత్తానికి దారి మూసుకుంటుంది. లేకపోతే కొత్తది తయారు చేసుకోవాలి. ఏదైనా పాత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ మొరాయిస్తే తిరిగి 1 చేయండి.


చెరువుగట్టు
మంగళవారం రాత్రి 9:05

అయిపోయింది. ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లో పెన్‌డ్రైవ్ తయారు చేసి నేనే ఎక్కించా. మీరు చెప్పినట్టే ఏ తాళం అడగలేదు. నెట్ పెట్టాక డిజిటల్ లైసెన్స్‌తో యాక్టివేట్ అయింది అని వచ్చింది. 1200 గుర్తొచ్చి కడుపు మండింది.

డి లో షాపువాడు వదిలేసిన సాఫ్ట్‌వేర్స్ అనే ఫోల్డర్ ఉంది. లోపల యాక్టివేటర్, తెలుగు టైపింగ్ క్రాక్, ఒక జిప్. జిప్‌కి పాస్‌వర్డ్ 123 అని పక్కనే నోట్‌ప్యాడ్‌లో రాసి పెట్టాడు, యాంటీవైరస్ ఆఫ్ చేసి రన్ చేయాలి అని కూడా. డిఫెండర్ స్కాన్ పెట్టగానే అందులో రెండింటిని పట్టుకుంది. మొత్తం ఫోల్డర్ తీసేశా. ఫొటోలన్నీ క్షేమం. బాపు పాస్‌వర్డ్‌లు ఫోన్ నుంచి మార్చాం. ఖాతాలో ఏమీ పోలేదు.

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగింది కదా, మరి?


పాత_మదర్‌బోర్డు
మంగళవారం రాత్రి 9:22

మీది ఏడో జనరేషన్, విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. 2026 అక్టోబర్ 13 దాకా అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తున్నారు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే ఉచితం. విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఎన్‌రోల్ అని కనిపిస్తుంది. ఆ తర్వాత మన ఉబుంటు ఉప్మా గారిని పిలుద్దాం.


ఉబుంటు_ఉప్మా
మంగళవారం రాత్రి 9:25

నేను ఇక్కడే ఉన్నా.


చెరువుగట్టు
మంగళవారం రాత్రి 9:40

హహ. ఒక్కటి మిగిలింది. దొరికిన నాలుగు పెన్‌డ్రైవ్‌లు శుభ్రం చేశాం, ఎర్రదారంతో సహా. ఐదోది తమ్ముడి దగ్గర ఉందట, మంచిర్యాల హాస్టల్‌లో. ఈ నెలన్నరలో రెండుసార్లు ఇంటికొచ్చి సినిమాలు ఎక్కించుకుని పోయాడు. ఆదివారం వస్తున్నాడు. అప్పటిదాకా క్యాబినెట్ ముందున్న రెండు యూఎస్‌బీ పోర్టులకి టేప్ వేసి, పైన పెన్నుతో వద్దు అని రాశా.


నయీంనగర్_జిరాక్స్
మంగళవారం రాత్రి 9:48

గురువారం బాపు కొత్త భజనలు ఎక్కించాలంటడు కదా చెల్లె. ఆ టేప్ తీసేది ఆయనే.